రామకాంత్ చేత్తో రాయించిన పేరు

ఉద్యోగం పోయిన నాటికి అమానుల్లా చేతిలో మిగిలినవి ఒక పాత లాప్‌టాప్, నల్లపాడులో మేనమామ మాబు సాహెబ్ రేకుల షెడ్డులో ఒక మూల, రామకాంత్ మీద కడుపు నిండా కసి. మొదటి రెండింటికీ బజార్లో విలువ లేదు. మూడోదాని రేటు మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది.

షెడ్డులో మిగతా చోటంతా తాలుకాయల టిక్కీలే, మనిషెత్తు గోనె బస్తాలు. రంగు పోయిన మిరపకాయలను చౌకగా కొని మిల్లులకు వేయడం మాబు సాహెబ్ వ్యాపారం. ఆ ఏడు ఆయన కొన్నదాంట్లో ఎక్కువ భాగం బుల్లయ్య గారి కోల్డ్ స్టోరేజీలో చెమర్చి బూజు పట్టిన సరుకు. ఏ కాయల వల్ల అమానుల్లా ఉద్యోగం పోయిందో ఆ కాయలే అతని చుట్టూ గోడలా నిలబడి, ముక్కు పగిలేలా కంపు కొట్టేవి. కోపం చల్లారుదామన్నా చల్లారనిచ్చేవి కావు.

జరిగింది ఇదీ. కోల్డ్ స్టోరేజీలో చలిని అదుపు చేసే పెట్టెలు తయారుచేసే ఒక గుంటూరు కంపెనీలో అమానుల్లా టెస్టర్. ఆ పెట్టెను నడిపించేది లినక్స్ కెర్నల్ అనే మూల ప్రోగ్రాం. చలిని కొలిచే సెన్సార్ చెప్పేది ఆ కెర్నల్‌కు అందించే డ్రైవర్‌ను రాసింది పై అధికారి రామకాంత్. తన డ్రైవర్ ప్రపంచమంతా వాడుకునే అసలు కెర్నల్‌లో చేరిందని చెప్పుకుని కాలేజీ సభల్లో శాలువాలు కప్పించుకునేవాడు.

"కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు పెట్టె ఒక్కోసారి బిగుసుకుపోతోంది సార్" అని అమానుల్లా ముందే చెప్పాడు.

"ముందు వైరు సరిగ్గా పెట్టడం నేర్చుకో" అన్నాడు రామకాంత్.

వేసవిలో అదే జరిగింది. పెట్టె బిగుసుకుపోయి తెర మీద పాత అంకెనే చూపిస్తూ ఉండిపోయింది. కంప్రెసర్ ఆగిన సంగతి ఎవరూ గమనించలేదు. బుల్లయ్య గారు నిలదీస్తే, కాయలు పోయిన రైతులందరి ముందూ రామకాంత్ వేలు చూపించాడు. "ఇతను సరిగ్గా టెస్ట్ చెయ్యలేదండి. తీసేస్తున్నాం."

ఆ తర్వాత అమానుల్లా ఏ కంపెనీ గుమ్మం ఎక్కినా, ఆ మాట అతని కంటే ముందే లోపలికి వెళ్ళి కూర్చునేది. ఆ వేలు చూపించిన మనిషి చేతనే ఆ మాట వెనక్కి తీయించాలి. అతనికి కావలసింది అదొక్కటే.

రుజువు చేద్దామంటే పెట్టె లేదు, సెన్సార్ లేదు. అందుకని లాప్‌టాప్ లోపలే ఎమ్యులేటర్‌తో ఒక ఉత్తుత్తి యంత్రాన్ని నిలబెట్టాడు. ముట్టకూడని మెమరీని ముడితే వెంటనే కేక పెట్టేలా అదే కెర్నల్‌ను తయారుచేసి అందులోకి ఎక్కించాడు. దాని మీదికి ఫజర్‌ను వదిలాడు. అడ్డదిడ్డమైన ఆదేశాలను ఎడతెరిపి లేకుండా విసురుతూ కెర్నల్ ఎక్కడ కూలుతుందో చూడటమే ఫజర్ పని. కూలితే నష్టమేమీ లేదు, ఉత్తుత్తి యంత్రమే కాబట్టి మళ్ళీ లేపి నిలబెట్టుకోవచ్చు.

వారాలు గడిచాయి. ఏదీ కూలలేదు.

"ఏరా అమానూ, నీ మిషను ఆ రామకాంత్ గాణ్ణి ఎప్పుడు పడగొడుతుందిరా? షెడ్డులో కరెంటంతా అదే తాగేస్తోంది" అన్నాడు మాబు సాహెబ్ టిక్కీ మీద కూర్చుని బీడీ వెలిగిస్తూ.

"కొడుతూనే ఉంది మామా. వాడి కోడు కదలట్లేదు."

"అయితే బాగానే రాసుంటాడులే."

ఆ మాటతో అమానుల్లాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, ఫజర్ కెర్నల్‌లో ఎంతవరకు వెళ్ళిందో చూపించే పేజీ తెరిచాడు. రామకాంత్ ఫైలులో ఒక్క వరుసనూ అది తాకలేదు. సెన్సారే లేని యంత్రంలో సెన్సార్ డ్రైవర్ నిద్ర లేవదు కదా! అమానుల్లా నుదురు కొట్టుకున్నాడు.

"నవ్వకు మామా. ఇన్నాళ్ళూ నేను టిక్కీ మూతి దగ్గర కాయలే చూస్తున్నాను. అడుక్కి చెయ్యే పోలేదు."

"ఛీ! మిరపకాయల కొంపలో పుట్టి మిర్చి యార్డుకి కొత్తగా వచ్చినోడిలా మోసపోయావేంట్రా?"

ఈసారి అమానుల్లా ఉత్తుత్తి యంత్రానికి ఉత్తుత్తి సెన్సార్ తగిలించాడు. కెర్నల్ నిజమేననుకుంది, డ్రైవర్ లేచింది. సెన్సార్ నుంచి అంకెలు చదువుతుండగా దాన్ని పీకేయడం, మళ్ళీ పెట్టడం ఫజర్‌కు అప్పగించాడు. కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు సెన్సార్‌కు జరిగేది సరిగ్గా అదే. మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుండగా యంత్రం కూలింది. సెన్సార్ ఊడగానే డ్రైవర్ దాని మెమరీని వదిలేస్తోంది. అప్పటికే చదువుతున్న ప్రోగ్రాం మాత్రం వదిలేసిన ఆ చోటునే ఇంకా తడుముతోంది.

ఎంగిలి చేత్తోనే మామను పిలిచి తెర చూపించాడు.

"ఇంకేం! వాడి పెట్టెలున్న కోల్డ్ స్టోరేజీలన్నీ ఒక్క దెబ్బకి ఆపెయ్. తిక్క కుదురుతుంది."

ఆ ఆలోచన అమానుల్లాకు రాకపోలేదు. తియ్యగానే ఉంది. కానీ బేరం గిట్టదు. కుళ్ళేది రైతుల కాయలు. వేలు చూపించడానికి రామకాంత్‌కు ఇంకో మనిషి దొరుకుతాడు.

"నీకు తాలుకాయలు దండిగా దొరుకుతాయనేగా మామా నీ ఆశ? కుదరదు. ఈ దెబ్బ వాడొక్కడికే తగలాలి."

కెర్నల్ రాసేవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. తప్పు దిద్దేవాడు, ఆ తప్పు ఏ మార్పుతో వచ్చిందో, దాన్ని పట్టుకున్నది ఎవరో పేరుతో సహా రాయాలి. అది అందరూ చూసేలా ఎప్పటికీ ఉండిపోతుంది. అమానుల్లా రుజువులన్నీ జతచేసి కెర్నల్ పెద్దలకు మెయిల్ పంపాడు. ఆ భాగం చూసే పెద్దాయన తన దగ్గరా కూల్చి చూసుకుని, అందరికీ కనబడేలా రామకాంత్‌కు జవాబిచ్చాడు: ఇది మీరు రాసిందే, మీరే దిద్దండి.

ఆ సాయంత్రమే రామకాంత్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమయ్యా అమానుల్లా, మన గుంటూరు సంగతి లోకం ముందు పెట్టావేంటి? నాకు చెబితే సరిపోయేదిగా!"

"చెప్పాను సార్. వైరు సరిగ్గా పెట్టుకోమన్నారు."

"సరేలే. రేపొచ్చి నీ సీట్లో కూర్చో. పొరపాటున పంపానని ఒక్క మెయిల్ కొట్టెయ్, చాలు."

అమానుల్లా చుట్టూ ఉన్న టిక్కీల వైపు చూశాడు. "నా పేరు ఎలా రాయాలో చెప్తాను సార్. తప్పు పోకుండా రాయండి."

రామకాంత్ మొదట ఆ పేరు లేకుండానే దిద్దుబాటు పంపాడు. పట్టుకున్నవారి పేరేదని అడుగుతూ పెద్దాయన దాన్ని తిప్పికొట్టాడు. రెండోసారి పేరు రాశాడు.

ఆ దిద్దుబాటు ఉన్న పేజీని ఫోనులో పెట్టుకుని అమానుల్లా బుల్లయ్య గారి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాడు. కాయలు దించుతున్న రైతుల మధ్య నిలబడి తెలుగులో చదివి వినిపించాడు. బుల్లయ్య గారు చివరిదాకా విని, "రావయ్యా, లోపల పెట్టెలన్నీ ఓసారి చూద్దువు గానీ" అన్నారు. రైతులు అతనికి దారిచ్చారు.

చివరికి తేలింది ఇదీ. లాప్‌టాప్ వేడెక్కి వేడెక్కి చచ్చింది. పాత సీటు పిలిచినా అమానుల్లా వెళ్ళలేదు. తాలుకాయలు మిల్లుకు పోయాయి, షెడ్డులో కంపు మాత్రం మిగిలింది. చేతికొచ్చింది రెండు వరుసలు: తప్పు రామకాంత్ మార్పుతో వచ్చింది, దాన్ని పట్టుకున్నది అమానుల్లా. ఆ వరుసలు రాసింది రామకాంత్. ఇక చెరపలేనిదీ రామకాంతే.