ఎడమకాలి బూటు

ఆ ఇంట్లో తమిళుల పురట్టాసి నెలంతా తిట్లు తిన్నది ఒక జత బూట్లు. వీరప్ప చక్కెర మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్న కాలంలో కొనుక్కున్న తోలు బూట్లవి. మిల్లులో రిటైరై, ఇప్పుడు పాలకోడు రోడ్డులో ఒక టమాటా గోడౌనుకు పగటి కాపలా కాస్తున్నా వాటిని మాత్రం వదల్లేదు. వానలకు తడిశాయి, అరుగు మీద మూలన పడి ముక్కిపోయాయి, చివరికి కంపు మొదలైంది. తమిళనాడు ధర్మపురిలో వీరప్ప ఇల్లెక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, వీధి మొదట్లో నిలబడి గాలి పీలిస్తే చాలు.

కోడలు యోగలక్ష్మికి తల కొట్టేసినట్టుండేది. మొగుడు బాబు టమాటా లోడు వ్యాను మీద ఊళ్లు తిరుగుతుంటాడు, ఇంటికి వచ్చిన వాళ్లకు మంచినీళ్లిచ్చి ముక్కులు మూసుకోవడం చూడాల్సింది ఈమె.

"మామా, కొత్తవి కొనిస్తాము. వీటిని పారేద్దామా?" అని ఒకరోజు మెల్లగా అడిగింది.

"నేను పోయినాక పారేయండి. అప్పుడైతే నాకు తెలీదు" అన్నాడు పెద్దాయన. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా!

సరే, బూట్లు పోవు కాబట్టి కంపే పోవాలి. అత్త రంగమ్మాళ్ వైద్యం ఎండ. తీసుకెళ్లి మిద్దె మీద పడేసింది. సాయంత్రానికి తోలు అప్పడంలా బిగుసుకుపోయి పగుళ్లిచ్చింది, కంపు మాత్రం ఎక్కడికీ పోలేదు. పక్కింటి కుప్పాయి వేపాకు కూరమంది. కూరితే వేపాకు వాసన, బూటు వాసన రెండూ కలిసి వచ్చాయి. యోగలక్ష్మి ఫోనులో వీడియోలు వెతికింది. తోలును నీళ్లలో ముంచకూడదట, ఎండలో మాడ్చకూడదట. గుడ్డకు కాస్త వెనిగర్ అద్ది తుడవాలి, నీడన ఆరబెట్టాలి, రాత్రికి లోపల సోడా ఉప్పు చల్లి పొద్దున్నే దులపాలి, ఆపైన కాఫీ పొడి మూట కట్టి లోపల పెట్టాలి. అన్నీ తు.చ. తప్పకుండా చేసింది.

"మనుషులకే చిక్కటి కాఫీ లేదు, బూటుకు కావాల్సి వచ్చిందా?" అని రంగమ్మాళ్ సణిగింది.

మరునాడు పొద్దున యోగలక్ష్మి కుడి బూటు ఎత్తి వాసన చూసింది. కమ్మగా కాఫీ వాసన. మురిసిపోయింది. అదే సంతోషంతో ఎడమ బూటులో ముక్కు పెట్టింది, పెట్టి వాకిట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

దానికి సోడా ఉప్పు తక్కువైందేమో అనుకుని మళ్లీ చేసింది. వీరప్ప వేసుకుని డ్యూటీకి పోయి వచ్చాడు, ఎడమది మళ్లీ మొదటికొచ్చింది. కుడిది మాత్రం బుద్ధిమంతురాలిలా ఉంది. రెండూ ఒకే తోలు, ఒకే వానకు తడిసినవి, ఒకే చేత్తో తుడిచినవి. ఒక్కదానికే ఈ పాడు కంపేమిటి?

ఆదివారం వీరప్పకు డ్యూటీ లేదు. యోగలక్ష్మి కొంగు ముక్కుకు బిగించి, ఎడమ బూటు ఒళ్లో పెట్టుకుని, లోపలికి చెయ్యి దూర్చింది. అడుగున పరిచిన అట్ట చెమ్మగా తగిలింది. వాన పడి చాలా రోజులైందే! పట్టి లాగింది. మడమ దగ్గర వేలికి చురుక్కుమని ఏదో గుచ్చుకుంది.

వెలుతురుకు తిప్పి చూసింది. మేకు. బూటు కిందినుంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకు మొన. దాని చుట్టూ నల్లగా, జిగటగా గడ్డకట్టి ఉంది.

టమాటా పెట్టె మేకది. గోడౌనులో కుర్చీ ఊడినా, గొళ్లెం ఊడినా చెక్కపెట్టె మేకే దిక్కు. రెండు నెలల కిందట, ఆడి నెల మారెమ్మ పండగ అయ్యాక, బూటు మడమ ఊడిందని మామ తనే కొట్టుకున్నాడు. యోగలక్ష్మికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ మొన మీద కాలు పెట్టి మనిషి రోజూ నడుస్తున్నాడు. ఒక్కనాడు కుంటలేదు. ఒక్కనాడు అబ్బా అనలేదు!

వీరప్ప మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కాళ్లకు నిన్నటి సాక్సులు అలాగే ఉన్నాయి.

"మామా, ఆ ఎడమ కాలు చూపించండి" అంది.

పెద్దాయన కాలు వెనక్కి లాక్కున్నాడు. పండగనాడు దండం పెట్టడానికి తప్ప కోడలు మామగారి కాలు ముట్టే ఇల్లు కాదది. "నా కాలుకేమి? బాగుండాది. పోయి పని చూసుకో."

రంగమ్మాళ్ లోపలినుంచి వచ్చింది. "ఏమే, ఆయన కాలుతో నీకేమి పని? ఆడిలో మేమిద్దరమూ నిప్పుల గుండం తొక్కినాము కదా. ఏటేటా చురచుర కాల్తాండె. ఈ ఏడు నాకూ ఆయనకూ చల్లని నేల మింద నడిచినట్టే ఉండె. మారెమ్మ మా పాదాలు అరచేతిలో పట్టుకోని దాటించింది!"

నిజమే. ఆ రోజు వీధంతా వచ్చి ఆ ఇద్దరి కాళ్లకు మొక్కింది. యోగలక్ష్మీ మొక్కింది. ఇప్పుడు అదే మాట వింటుంటే ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇద్దరికీ ఏళ్ల తరబడి షుగరు. ఒకే డబ్బాలోంచి మాత్రలు మింగుతారు, గుర్తుంటే.

ఇక మర్యాద చూడలేదు. ఒంగి, కాలు పట్టుకుని, సాక్సు లాగేసింది. సాక్సుతో పాటు చర్మమూ వచ్చింది.

మడమలో గుంట. చుట్టూ నలుపు. లోపల చీము. గదంతా ఆ కంపు. నెలంతా బూటు నెత్తిన వేసిన పాపం ఈ కాలిది. రంగమ్మాళ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీరప్ప మెడ వంచి, ఎవరిదో పరాయి కాలును చూసినట్టు చూశాడు.

"ఇది ఎప్పుడయిందమ్మా?" అని కోడల్నే అడిగాడు.

యోగలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మది పాలకోడు పక్క తెలుగు ఇల్లే. వీళ్ల మాట విని తనూ తెలుగులోకి దిగింది. పుండు చూసి పెదవి విరిచింది.

"రేపు ఆపరేషను చేస్తాము. కుళ్లింది ఎంతవరకు పోయిందో కోసినాకనే తెలుస్తుంది. కాలు మిగిలించాలనే చూస్తాము, మాట మాత్రం ఇయ్యలేను."

"నాకు నొప్పే లేదే తల్లీ" అన్నాడు వీరప్ప, అదేదో తన తరఫు సాక్ష్యమన్నట్టు.

"అదే కదా తాతా జబ్బు. షుగరుకు కాళ్లలో నరాలు చచ్చిపోయినాయి. మేకు దిగినా తెలీదు, నిప్పు తొక్కినా తెలీదు."

నిప్పు అన్న మాటకు వీరప్ప తలెత్తి పెళ్లాం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. పుండు కడగడానికి ఆయన్ను బండి మీద పడుకోబెట్టి లోపలికి తోసుకుపోయారు. కాలు ఉంటుందా, పోతుందా అని యోగలక్ష్మి తలుపు వైపే చూస్తూ నిలబడింది.

వెనక బల్ల మీద రంగమ్మాళ్ మెల్లగా చెప్పు విడిచింది. చీర అంచు పైకి లాక్కుని, కాలు ముందుకు చాపింది.

"అమ్మా, నాది కూడా ఒకతూరి చూడు."

డాక్టరమ్మ జేబులోంచి సన్నటి తీగ తీసింది. "కళ్లు మూసుకో అవ్వా. నేను తాకినప్పుడల్లా చెప్పు."

రంగమ్మాళ్ కళ్లు గట్టిగా మూసుకుంది. తీగ బొటనవేలి మీద ఆనింది, వంగింది. పాదం మధ్యలో ఆనింది, వంగింది. మడమ మీద డాక్టరమ్మ ఇంకా గట్టిగా నొక్కింది. యోగలక్ష్మి అత్త ముఖంలోకే చూస్తోంది. ముఖంలో చిన్న కదలిక కూడా లేదు.

"నేను తయారుగానే ఉండాను" అంది రంగమ్మాళ్, కళ్లు తెరవకుండా. "మొదలుపెట్టమ్మా."