అత్తయ్య ముఖంలో మడత

మా పిడుగుకి జోలపాట అక్కర్లేదు, ఊయల అక్కర్లేదు. వాళ్ల నానమ్మ ముఖం ఉంటే చాలు. ముక్కు పక్కనుంచి పెదవి చివరిదాకా దిగే మడతలో చూపుడువేలు పెట్టి, పైకీ కిందికీ రాసుకుంటూ నిద్రపోతుంది. నా ముఖంలో ఆ మడత లేదు. "నీకున్నవన్నీ నుదుటి మీదే కదే, దిగులు గీతలు" అంటుంది అత్తయ్య. నిజమే. నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకునే మనిషిని నేను.

అత్తయ్య ఒక పెద్ద దుకాణంలో ముఖానికి రాసుకునే క్రీములు అమ్ముతుంది. ఆ మధ్య ఒకావిడ డబ్బా చేతిలోకి తీసుకుని, అత్తయ్యని ఎగాదిగా చూసి, "మీరూ ఇదే రాసుకుంటారా?" అని అడిగి, డబ్బా మెల్లగా అక్కడే పెట్టేసి వెళ్లిపోయిందట. ఆ సాయంత్రం చెప్పులైనా విడవకుండా అత్తయ్య అద్దం ముందు నిలబడింది.

"నేను ఈ మడత పూడ్చడానికి ఫిల్లర్ వేయించుకుంటాను."

"గోడకి లప్పం పెట్టినట్టా?" అన్నారు మావయ్య. ఆయన ఇళ్లకి రంగులు వేస్తారు. "ఆ పైన రెండు కోటింగులు నేను కొడతాలే."

"వారం వారం మీసానికి నల్లరంగు కొట్టుకునే మనిషి కూడా మాట్లాడేవాడే!" అంది అత్తయ్య.

మావయ్య మీసం దువ్వుకున్నారు. పెళ్లికి ముందునుంచీ ఉన్న మీసం అది. దాన్ని ఎవరూ ఏమీ అనకూడదు.

క్లినిక్‌కి నన్ను తోడు తీసుకెళ్లింది. పిడుగు నా చంకలో ఉంది. డాక్టరమ్మ ముందుగా మత్తు క్రీము రాసి, సన్నటి సూదితో మడత కింద జెల్ ఎక్కించింది. అత్తయ్య కన్నా నేనే ఎక్కువ మూలిగాను. ముఖం వంకర పోతుందా, చూపు దెబ్బతింటుందా అని నోటికొచ్చినవన్నీ అడిగాను. డాక్టరమ్మ విసుక్కోలేదు.

"ఇబ్బందులు రావడం అరుదు. కానీ నొప్పి బాగా ఎక్కువైనా, చర్మం తెల్లబడినా, చూపు మసకబారినా ఆలస్యం చెయ్యకుండా రావాలి. రెండు వారాలపాటు ఎవరూ అక్కడ నొక్కకూడదు, రుద్దకూడదు."

"ఈ వయసులో నా ముఖం ఎవరు రుద్దుతారమ్మా!" అంది అత్తయ్య.

అందరం నవ్వాం. నన్ను చూసి పిడుగు కూడా నవ్వింది. అప్పుడు కూడా మాకు వెలగలేదు.

మధ్యాహ్నం పిడుగు కళ్లు నులుముకుంటూ నానమ్మ ఒళ్లోకెక్కి చూపుడువేలు చాపింది. అత్తయ్య ఠక్కున తల వెనక్కి తీసింది. పిడుగు మళ్లీ చాపింది. అత్తయ్య నావైపు చూసింది, నేను అత్తయ్యవైపు చూశాను. అంతే, పిడుగు లంకించుకున్న రాగానికి పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు.

ఎల్లుండి నాకు లెక్కల పరీక్ష. నాన్న మంచాన పడ్డప్పుడు ఆగిపోయిన బడి చదువు అది. ప్రైవేటుగా కట్టి, పిల్లకి బువ్వ పెడుతూ, బట్టలారేస్తూ ఒక్కో పేపరే గట్టెక్కించాను. ఇదొక్కటే మిగిలింది. పరీక్ష సరిగ్గా పిడుగు నిద్రపోయే వేళకే. నిద్రపోకపోతే వాంతి అయ్యేదాకా ఏడుస్తుంది. మా ఆయనకి ఆ రోజు సెలవు దొరకలేదు.

అరటిపండు తొక్క మడిచి ఇచ్చాం, విసిరికొట్టింది. నా మోచేతి మడత చూపించాను, కొరికింది. మావయ్య ముఖం ముందుకు పెట్టారు. ఆయనకీ మడత ఉంది కానీ, సగం మీసం కిందే దాక్కుంది. వేలికి ముళ్లలా గుచ్చుకునేసరికి ఇల్లెగిరిపోయేలా అరిచింది.

పరీక్ష రోజు పొద్దున్న పుస్తకం మూసేశాను. "వచ్చేసారి రాస్తాలెండి అత్తయ్యా."

"నోర్ముయ్. దాన్నిలా తే. రుద్దుకుంటే రుద్దుకోనీ. నా మూలాన నీ పరీక్ష పోతే ఈ నున్నటి ముఖం ఎవరికి చూపించను?"

"అమ్మో, నొక్కకూడదన్నారు!" పిల్లని వెనక్కి దాచేశాను. ముఖం వంకరైతే మళ్లీ ఆ దుకాణంలో ఈవిడ తలెత్తుకుంటుందా?

అప్పటిదాకా కాఫీ తాగుతున్న మావయ్య గ్లాసు కింద పెట్టారు. "అమ్మాయ్, నువ్వు బయల్దేరు. పిల్ల సంగతి నాకొదిలెయ్."

"మీరేం చేస్తారండీ?" అంది అత్తయ్య.

"నా తిప్పలేవో నేను పడతాను."

పరీక్ష హాల్లో ఫ్యాను కిర్రుమంటే పిడుగు ఏడ్చినట్టే వినిపించింది. త్రిభుజం గీస్తే మావయ్య ముక్కులా కనిపించింది. అయినా వచ్చిందంతా రాశాను. చివరి లెక్క కూడా తేలింది. కాగితాలిచ్చేసి పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను.

లోపల చప్పుడు లేదు. తలుపు తోసి చూస్తే, రంగు మరకల బనీను వేసుకుని ఎవడో కొత్తమనిషి చాపమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు! మా పిడుగు వాడి గుండెలమీద! అరవబోయాను. అత్తయ్య వచ్చి నా నోరు మూసింది.

అప్పుడు పోల్చుకున్నాను. మావయ్యే. మీసం లేదు. అది ఉండే చోట చర్మం తెల్లగా, లేతగా, ఇంకెవరిదో అతికించినట్టుంది. ముక్కు పక్క మడత ఇప్పుడు పెదవిదాకా దారి పరిచినట్టు కనిపిస్తోంది. పిడుగు వేలు అందులోనే ఉంది.

ఎప్పటిలాగే వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చటి ఊపిరి.

"ఎలా రాశావు?" పెదవులు కదపకుండా అడిగారు మావయ్య.

"గట్టెక్కుతాను మావయ్యా."

"అయితే సరే." అత్తయ్యవైపు కళ్లు తిప్పారు. "ఏమోయ్, మీ డాక్టరమ్మ మీసాలు కూడా వేస్తుందా?"

అత్తయ్యకి నవ్వు ముంచుకొచ్చింది. పిల్ల లేస్తుందని ఆపుకోబోయి రెండు చేతులూ బుగ్గలమీదికి తీసుకెళ్లింది.

"నొక్కొద్దు!" అన్నాం నేనూ మావయ్యా ఒక్కసారే, గుసగుసగా.