బోర్లించిన కీబోర్డు

రుక్సానా చేసిన నేరమల్లా కంప్యూటరు బొమ్మలో పురుగుమందు కొట్టే రైతు ముక్కుకి తువ్వాలు కట్టడం. ఆపాటి దానికే వీరరాఘవులు ఆమెను పద్నాలుగు మంది ఆడపిల్లల ముందు నిలబెట్టి, రేపటినుంచి రానక్కర్లేదన్నాడు.

రెండువేల నాలుగు, ఎండాకాలం. పెదకాకానిలో ఒకప్పుడు మిరపకాయల బస్తాలు దాచిన గదిలో కంప్యూటర్లు పెట్టి, దానికి యానిమేషన్ స్టూడియో అని బోర్డు కట్టారు. గది వీరరాఘవులుదే, పురుగుమందుల ఏజెన్సీ కూడా ఆయనదే. ఆ మందు అమ్ముకోవడానికే ఈ త్రీడీ సినిమా. ఎరుపు, నీలం రంగుల అట్ట కళ్లజోడు పెట్టుకుని చూస్తే మందు జల్లు మొహం మీదికే వచ్చినట్టుంటుంది. బొమ్మలో రైతు మాత్రం చొక్కా గుండీలు విప్పుకుని, పత్తిచేలో పన్నీరు చల్లుతున్నంత కులాసాగా నవ్వుతూ నడుస్తాడు.

తువ్వాలు చూస్తే జనానికి మందంటే భయం పుడుతుందని, తీసెయ్యమని ఆయన మాట.

"మా నాయన ఇట్టాగే ఉత్త మొహంతో మందు కొడతా చేలోనే పడిపోయాడండీ. నేను తియ్యను" అంది రుక్సానా.

పక్క కుర్చీలో ఉన్నది కోటిరత్నం. ఈ పనికి ముందు ఆమె ఆరేళ్లు మిర్చి యార్డులో తొడిమలు తీసింది, రుక్సానా తల్లి జోహరాబీ ముఠాలోనే. చేతులు మండకుండా అన్నం కలుపుకోవడం ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. నిజం చెప్పాలంటే, తల వంచుకుని తన పని తాను చేసుకుందామనే అనుకుంది. కానీ ముఠాకి ఒక కట్టుబాటుంది. మేస్త్రి ఒకత్తెను పనిలోంచి లేపేస్తే మిగతావాళ్లంతా గంపలు బోర్లించి కూర్చుంటారు. ఆమెను మళ్లీ పిలిచేదాకా ఒక్క తొడిమ ఊడదు.

ఇక్కడ గంప లేదు. కోటిరత్నం ముందున్న కీబోర్డు ఎత్తి బల్లమీద బోర్లించింది. గదిలో ఎక్కువమంది తొడిమలు తీసే ఇళ్ల పిల్లలే. రెబ్కా బోర్లించింది, ఉజ్మా బోర్లించింది. చూస్తుండగానే పద్నాలుగూ బోర్లా పడ్డాయి.

వీరరాఘవులు అరిచాడు, పోలీసులన్నాడు, మీకు పని నేర్పింది నేనన్నాడు. మూడో రోజున పొదిలిలో ప్రదర్శన. మధ్యాహ్నానికి దిగొచ్చాడు. రుక్సానా ఉండొచ్చు, తువ్వాలు ఉండకూడదు.

బయట పంపు దగ్గర వాదన మొదలైంది. కూడు నిలబడింది, ఇక బొమ్మ జోలి మనకెందుకంది రెబ్కా. పేదవాడి కోపం పెదవికి చేటని గుర్తుచేసింది. సంగతి తెలిసి యార్డు నుంచి వచ్చిన జోహరాబీ, చీరంతా మిరపకారంతో, అన్నీ విని అప్పుడు నోరు విప్పింది.

"నా పిల్ల కుర్చీ నాకొచ్చింది. రేపా బొమ్మ చూసి ఉత్త మొహంతో చేలోకి పొయ్యేవాడి పెళ్లానికి మొగుణ్ణి ఎవురిస్తారమ్మా?"

చివరికి రెబ్కాయే లేచి, ఇంకా ఎన్ని బొమ్మల్లో తువ్వాలు కట్టాలో అడిగింది.

రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా పనిచేశారు. రైతు చేలోకి దిగేదాకా పాత బొమ్మే ఉంచారు. వీరరాఘవులు అంతవరకు చూసి, దారికొచ్చారని మురిసిపోయి వెళ్లాడు.

పొదిలిలో నల్లగుడ్డ గుడారం. పట్టపగలే లోపల చీకటి. మూడొందల మంది రైతులు అట్ట కళ్లజోళ్లతో కూర్చున్నారు. కంప్యూటరు ముందు కోటిరత్నం.

బొమ్మలో రైతు చేలోకి దిగాడు. భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకి బిగించాడు. మరుక్షణం జల్లు తెర దాటి జనం మీదికొచ్చింది. ముందు వరసలో యలమందయ్య అనే రైతు గభాలున కండువా ముక్కు మీదికి లాక్కున్నాడు. వెనకవాళ్లూ లాక్కున్నారు. ఎవరో నవ్వారు, ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. యలమందయ్య కళ్లజోడు తీసి లేచి నిలబడ్డాడు.

"రాఘవులుగారూ, బొమ్మకి చెప్పిన జాగ్రత్త మాకెందుకు చెప్పలేదండీ? పోయినేడు మా తమ్ముడు మీ మందు కొడతానే పోయాడు."

వీరరాఘవులు కోటిరత్నం మీదికి దూకాడు, సినిమా ఆపమని. భయం ఆమెను వదల్లేదు. అయినా కీబోర్డు తీసి ఒళ్లో బోర్లించుకుంది.

"నేను పని మానేశానండీ" అంది.

తెరమీద మందు కురుస్తూనే ఉంది. మూడొందల మంది రైతులు ముక్కులకు కండువాలు బిగించి వీరరాఘవులు వైపు నడిచారు.