మళ్ళీ అంటే?

విశ్వవిద్యాలయం వాళ్ళు డ్రైవరుగారికి కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, ఫ్యాను వేగం పెంచారు. ఇన్ని మర్యాదలు ఊరికే జరగవని ఆయనకు తెలుసు. ఏళ్ళ తరబడి సిటీ బస్సు నడిపిన మనిషి. ఎక్కుతూనే మరీ వంగి నమస్కారం పెట్టేవాడి దగ్గర టిక్కెట్టు ఉండదని ఆయన అనుభవం.

పక్క కుర్చీలో కూతురు కూర్చుంది. ఆ పిల్ల ఈ విశ్వవిద్యాలయం తరఫున పరుగు పందాలకు వెళ్తుంది. మోకాలు పట్టేస్తే క్యాంపస్‌లోనే ఉన్న ఆటగాళ్ళ వైద్యశాలకు వెళ్ళింది. అక్కడొక ఫిజియో ఉన్నాడు. పిల్లలంతా వాణ్ణి బాబాయ్ అంటారు. ఆ వరస ఎవరు కలిపారో గాని, వాడికి మాత్రం భలే పనికొచ్చింది. బాబాయే కదా అని వాడు తలుపు వేసుకున్నా ఎవరూ ఏమీ అనుకోలేదు. వైద్యం పేరు చెప్పి ఈ పిల్ల మీద వెయ్యకూడని చోట చెయ్యి వేశాడు. వద్దంటే, "నాకూ నీ వయసు కూతురుందే పిచ్చిపిల్లా" అన్నాడట. కూతురున్నవాడు అనే మాటా అది? వాడి నోరు పడిపోను!

పిల్ల ఇంటికొచ్చి తల్లితో చెప్పింది, తల్లి ఆయనతో చెప్పింది. ఆయనేమన్నాడు? "ఎవరికీ చెప్పొద్దు. పరువు పోతుంది" అన్నాడు. అంత ప్రాణంగా పెంచుకున్న కూతురితో అన్న మొదటి మాట అదీ! పిల్ల వినలేదు, ఫిర్యాదు పెట్టింది. ఆనాటి నుంచి తండ్రితో అన్నం పెట్టమంటావా, తలుపు వేసుకో అన్నంత వరకే మాటలు.

ఇవాళ తేల్చేస్తామని పిలిచారు. ఎలాగోలా తెగ్గొట్టుకుని పిల్లను ఇంటికి తీసుకుపోదామని ఆయన వచ్చాడు. తప్పు విశ్వవిద్యాలయానిది కూడా అని వాళ్ళ నోటితో ఒప్పించాలని కూతురు వచ్చింది. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు, చెరో సీట్లో.

బల్లకు అవతల రిజిస్ట్రారు, ఒక లాయరు, విచారణ సంఘం తరఫున ఒక ప్రొఫెసరు మేడమ్ కూర్చున్నారు.

"చూడండి పెద్దాయనా," అన్నాడు రిజిస్ట్రారు. "మీ కడుపుకోత నాకు తెలుసు. అతను తప్పు చేశాడు, మేం కాదనట్లేదు. రాజీనామా చేయిస్తున్నాం. అమ్మాయి చదువుకి ఏ లోటూ రాదు, దానికి నాది పూచీ. ఇంకేం కావాలి చెప్పండి?"

"అంతా ఆయన తప్పే అంటున్నారు. మీ తప్పేం లేదా?" అంది కూతురు.

లాయరు ఓపిగ్గా నవ్వాడు. "అమ్మా, ఒకడు వెధవపని చేస్తే విశ్వవిద్యాలయం ఏం చేస్తుంది? ఒక్కో ఉద్యోగి వెనక ఒక్కో మనిషిని కాపలా పెట్టలేం కదా. సంస్థకి ముందే తెలిసుంటే అప్పుడు బాధ్యత. తెలీనప్పుడు మమ్మల్ని అంటే ఎలా?"

"ఆ గది ఇచ్చింది మీరు. ఆయన దగ్గరికి వెళ్ళమని పంపింది మీ కోచ్."

రిజిస్ట్రారు ఆ పిల్ల వంక చూడనేలేదు. అక్కడో మనిషి కూర్చుని మాట్లాడుతుంటే ఎవరికీ వినపడనట్టే! "మీరు చెప్పండి పెద్దాయనా. ఆడపిల్ల తండ్రి మీరు. నలుగురి నోళ్ళలో నానడం మంచిదా?"

నిజం చెప్పొద్దూ, డ్రైవరుకు ఆ మాట తియ్యగానే వినిపించింది. ఇంతకన్నా ఏం చేస్తారులే అనిపించింది. పెద్దవాళ్ళు, బతిమాలుతున్నారు. ఇప్పుడు ఊఁ అంటే పొద్దు వాలకముందే ఇల్లు చేరవచ్చు.

"మీరన్నదీ నిజమేలెండి..." అన్నాడు.

కూతురు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ మెడ నరం కొట్టుకోవడం ఆయనకు కనిపించింది. ఆయన చూపు దించుకున్నాడు.

రిజిస్ట్రారుకు హాయిగా ఊపిరాడింది. గండం గడిచిందనుకున్నవాడికి నోరు ఆగదు కదా. ఆయనగారికి ఫిజియో మీద ఎక్కడలేని కోపం పుట్టుకొచ్చింది. "వాణ్ణి పిలిచి నాలుగు దులిపానండీ. కాళ్ళు పట్టుకుని ఏడిస్తే పోనీలే పాపం అని ఊరుకున్నాం గానీ, మళ్ళీ ఇలాంటి పని చేస్తాడని కలగన్నామా?"

"మళ్ళీ అంటే?" అన్నాడు డ్రైవరు.

"మళ్ళీ అంటే... ఏదో మాటవరసకి."

"మాటవరసకి కాదండి. ఏడిస్తే ఊరుకున్నామన్నారు. ఎప్పుడు ఏడ్చాడు?"

లాయరు కళ్ళు మూసుకున్నాడు. "అది వేరే విషయం. దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాడు.

"ఎందుకు లేదు?" అంది మేడమ్. అంతదాకా ఆవిడ నోరు మెదపలేదు. ఇప్పుడు కూడా బల్లకేసి చూస్తూనే చెప్పింది. "అప్పట్లో అతను ఈతకొలను దగ్గర పనిచేసేవాడు. అక్కడో అమ్మాయి ఇదే మాట చెప్పింది. వాళ్ళ నాన్నని పిలిపించాం. ఆడపిల్ల, నలుగురి నోళ్ళలో నానడం ఎందుకన్నాం. ఆయన సరేనని తీసుకెళ్ళిపోయాడు. ఇతన్ని వైద్యశాలకి మార్చాం. నేను కూడా ఈ గదిలోనే ఉన్నాను."

ఈతకొలను దగ్గరైతే నలుగురూ తిరుగుతుంటారు. వైద్యశాలలో గదికి తలుపుంది, తలుపుకు గడియ ఉంది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇంకేమిటి? పైగా మాకు తెలీదని ఇందాకటి నుంచీ ఒకటే పాట!

"ఆ అమ్మాయి చదువు పూర్తి చేసిందా?" అడిగింది కూతురు.

రిజిస్ట్రారు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

"ఇప్పుడెక్కడుంది మేడమ్?"

"తెలీదమ్మా," అంది ఆవిడ. "మేం కనుక్కోలేదు."

ఆ తండ్రి ఎవరో డ్రైవరుకు తెలియదు. కాని అతను కూర్చున్న తీరు తెలుసు. పెద్దవాళ్ళు బతిమాలుతుంటే వాళ్ళకెలా లొంగిపోయాడో, పిల్లను లేవదీసి గుమ్మం దాటుతుంటే పీడ వదిలిందని ఎలా అనుకున్నాడో అంతా తెలుసు. ఆ అమాయకుడు సరే అన్నాడని ఎలా తిట్టడం? ఆ సరేను అడ్డం పెట్టుకుని, ఆ ఫిజియోను తెచ్చి తన పిల్ల ముందు నిలబెట్టినవాళ్ళు ఇదిగో ఈ బల్ల అవతల ఉన్నారు.

"ఏం చేద్దామమ్మా?" అని కూతుర్ని అడిగాడు. పొద్దుటి నుంచీ ఆ గదిలో ఆ పిల్లను ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆ పిల్ల ఇటు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఆయన్ని పంపించేసినా వీళ్ళు ఇక్కడే ఉంటారు నాన్నా. ఇంకొకణ్ణి కూడా ఇలాగే కాపాడతారు."

"తొందరపడకండి," లాయరు ముందుకు వంగాడు. "సంస్థ మీదకి వెళ్తే కోర్టులూ, పేపర్లూ. మేం ఎంత దాచినా మీ అమ్మాయి పేరు బయటికొస్తుంది. కన్నతండ్రిగా ఆలోచించుకోండి."

డ్రైవరు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"రానివ్వండి సార్," అన్నాడు. "పుట్టినప్పుడు ఏరికోరి నేనే పెట్టుకున్న పేరది."

ఆ పేరుతోనే కూతుర్ని పిలిచాడు, వరండాలో ఉన్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.

"చెప్పు తల్లీ. మొదటి నుంచీ చెప్పు. మేడమ్, మీరు రాసుకోండి."