గాలి గొట్టం

ఆ వేళ పొద్దున ఆకాశం తేటగా లేదు. సముద్రం మీంచి లేచిన మబ్బు చినుకు రాల్చకుండా యారాడ కొండ మీదికి ఒరిగి, అక్కడే ఉండిపోయింది.

గాజువాకలో పోలిరాజు ఇంటి ముందు మాత్రం జనం పోగయ్యారు. స్టీలు ప్లాంటుకి పొలం పోయి, బదులుగా ఫిట్టరు ఉద్యోగం వచ్చినవాడు పోలిరాజు. దున్నడానికి సెంటు భూమి లేకపోయినా, పాతసామాన్ల షెడ్డులో తుప్పుపట్టిన డీజిల్ ట్రాక్టరు చూసి మనసు పారేసుకున్నాడు. రెండేళ్ళుగా సెలవు దొరికిన ప్రతిరోజూ దానికే చాకిరీ చేశాడు. ఇవాళ మొదటిసారి స్టార్ట్ చేస్తున్నాడు.

ఇంజనుకి డీజిలందించే పంపు కట్టడానికి ఎలమంచిలి నుంచి దాలయ్య వచ్చాడు. డీజిల్ పంపులకి పేరున్న ముసలాయన. ఒక కంట్లో శుక్లం వచ్చినా వేళ్ళతో తడిమి టైమింగ్ పెడతాడు. ఆ పేరు వినే, వీధి చివరి తాతబాబు తన లారీ పంపు ఆయనకివ్వాలని గోనెసంచిలో తెచ్చాడు.

“ఏటి బావా, డాబా మీద దున్నుతావా?” అన్నాడు తాతబాబు. అందరితోపాటు పోలిరాజూ నవ్వాడు.

కొబ్బరికాయ కొట్టి సీటెక్కాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, తారులాంటి పొగ కక్కి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. నాలుగోసారికి ఆ పొగ పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టల మీదికి పోయింది. ఎవరో కిసుక్కుమన్నారు.

పోలిరాజుకి చెవులు కాలిపోయాయి. “కళ్ళు కనపడనోడు కనపడవని సెప్పాల! రెండేళ్ళ కష్టం మట్టి సేసీసినావు గదా ముసలోడా!”

“ఓపాలి సూత్తాను బాబూ,” అని దాలయ్య పంపు మీదికి వంగాడు.

తాతబాబు తన పంపు ఆయనకివ్వకుండానే గోనెసంచి భుజానేసుకుని వెళ్ళిపోయాడు. జనం పలచబడ్డారు.

“పంపు బాగానే ఉంది,” అని దాలయ్య చేతులు కడుక్కోడానికి పెరట్లోకి నడిచాడు.

ఉక్రోషంకొద్దీ పోలిరాజు ఇంజను ఊపిరి పీల్చే గాలి గొట్టం ఊడదీసి లోపలికి చెయ్యి పెట్టాడు. మెత్తగా తగిలింది. లాగితే, భార్య గంగాలమ్మ పాత చీరముక్క. ప్లాంటులో ఏ గొట్టం విప్పినా దుమ్ము లోపలికి పోకుండా మూతికి గుడ్డ కుక్కుతారు ఫిట్టర్లు. అక్కడైతే మరిచిపోకుండా ఎర్ర చీటీ కడతారు. ఇంటి దగ్గర ఎవడు కడతాడు? వేసవిలో తనే కుక్కాడు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. గుడ్డని లుంగీలో దోపి, ఇంజను తిప్పాడు. టక్కున అందుకుని నిలకడగా ఆడింది.

గంగాలమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. “సూసినావా, దాలయ్య మావ మళ్ళీ కట్టీసరికి ఎలా ఆడతందో!”

పోలిరాజు అవుననలేదు, కాదనలేదు.

దాలయ్య తడిచేతులతో వచ్చి, పంపు వైపు కాక, నేల మీదున్న గొట్టం వైపు చూశాడు. ఏమీ అడగలేదు. పానాలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకుంటున్నాడు. అడిగినా బాగుండును. తిట్టినా బాగుండును.

చివరి పానా సంచిలో పడేసరికి పోలిరాజు చెప్పులైనా వేసుకోకుండా తాతబాబు ఇంటికి పరిగెత్తాడు.

“తప్పు నాది బావా. నాను కుక్కిన గుడ్డే అడ్డం పడింది,” అని లుంగీలోంచి గుడ్డ తీసి చూపించాడు.

“అయ్యో! ఇప్పుడే గదా, లారీ పంపు క్లీనరు సేత వన్ టౌన్ మెకానిక్కుకి పంపీసినాను. గుడ్డ ఎప్పుడు దొరికింది?”

“పావుగంటయింది.”

తాతబాబు గోడ మీది గడియారం వైపు చూశాడు. అతని మొహంలోకి చూడలేకపోయాడు పోలిరాజు.

తిరిగొచ్చి, “మావా...” అన్నాడు.

“ఇంజనాపు బాబూ. డీజిలు దండగ,” అన్నాడు దాలయ్య.

గంగాలమ్మ వసారాలో విస్తళ్ళు వేసింది. ఎండుచేపలూ వంకాయా వండింది. దాలయ్య చారుకోసం అన్నంలో గుంట చేసుకున్నాడు. పోలిరాజు గరిటె అందుకుని తనే పోశాడు. ఇద్దరూ తలలెత్తకుండా తిన్నారు.