ముప్పై ఎనిమిదో జాకీ

ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు. ఒప్పుకుంటున్నాను, ఎవరూ దెప్పనక్కర్లేదు.

స్లాబు బరువు మోయడానికి కింద నిలబెట్టిన ఇనుప జాకీలను సుత్తితో కొట్టి చూడటం మా ముఠాలో నా పని. బిగుతుగా ఉన్నది ఠంగుమంటుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. ఠంగుమన్నదానికి సుద్దతో గీత పెడతాను. అరవై జాకీలకూ గీత పడనిదే పైన కంక్రీటు పోయరు. పోయించే మేస్త్రీ మా ఆయనే. ఆయనతో పాటు పైన మరో ఏడుగురు.

ఇరవై మూడోదానికి గీత పెడుతుండగా ఫోను మోగింది. అల్లుడు.

"అత్తయ్యా, పాప పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు."

ఇంకేముంది, జాకీల మధ్య గిరగిరా తిరిగాను. ఒక్కోదాన్నీ కౌగిలించుకుని "అమ్మమ్మనయ్యానే" అని చెప్పాను. చెప్పినదానికల్లా ఓ గీత గీశాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

మా ఆయన పైనుంచి తొంగిచూశాడు. సంగతి విని గంతు వేయబోతే చువ్వల మధ్య కాలు ఇరుక్కుంది.

"తాతగారూ, కాస్త మర్యాదగా ఉండండి" అన్నాను.

"గీతలన్నీ పడ్డాయిగా? పోయించేస్తున్నా. సాయంత్రానికల్లా పాపను చూసొద్దాం."

"కానివ్వండి."

అనేసి సుత్తిని నడుముకు దోపుకోబోయాను. ఏదీ సుత్తి? ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో సుద్ద. సుత్తేమో ఇరవై మూడో జాకీ మొదట్లో పడి ఉంది. అంటే ఆ తర్వాతి ముప్పై ఏడింటినీ నేను కొట్టనే లేదు.

"ఆపండి" అని అరిచాను. "ఊరికే గీతలు పెట్టాను. మళ్లీ కొట్టాలి."

అందరి ముందూ ఆ మాట చెప్పడానికి తల కొట్టేసినట్టయింది. కంక్రీటు పంపు నడిపేవాడు విసుక్కున్నాడు.

"లారీలోనే గట్టిపడిపోతుందమ్మా."

"పడనీ. పైన ఉన్నది నా మొగుడు."

కొంగుతో గీతలు తుడుస్తూ కొట్టుకుంటూ పోయాను. ముప్పై ఎనిమిదోది డొల్లగా పలికింది. పట్టుకుంటే ఊగింది. అడుగున మట్టి దిగిపోయి, పైచెక్కకూ జాకీకీ మధ్య వేలు దూరేంత సందు. నేను గీసిన గీతల్లో దాని మీదదే అన్నిటికన్నా పొడుగు.

మా ఆయన దిగొచ్చి దాన్ని ఊపి చూశాడు. తలెత్తి, ఇప్పటిదాకా తాను నిలబడిన చోటు చూసుకున్నాడు. అడుగున వెడల్పాటి చెక్క వేసి, తనే బిగించాడు. నేను కొట్టాను. ఠంగుమంది. మిగతావన్నీ కొట్టాకే పోయమన్నాను.

సాయంత్రం అల్లుడు మళ్లీ ఫోను చేశాడు.

"అత్తయ్యా, ఎవరెవరు వస్తున్నారు?"

మా ఆయన కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఆయన వైపే చూస్తూ చెప్పాను.

"ఇద్దరం వస్తున్నాం, బాబూ."