పడమటి గోడ

నరేశ్ ఛాతీలోకి రాతిపొడి పోసింది మీరే. ఎవరెవరో పేర్లతో చెప్తాను. నంద్యాల ఆఫీసులో కూర్చుని శిల్పుల పనిశాల ప్లానుకు సంతకం పెట్టిన శ్యాంసుందర్ సారూ, మీరు. సరైన ప్లాను గీసి, నలుగురు నవ్వగానే దాన్ని చుట్టి సంచిలో పెట్టుకున్న భరణి మేడమ్, మీరు. ఆ నవ్విన ఆళ్లగడ్డ శిల్పులంతా. అందరికంటే ముందు మా పెద్ద శిల్పి విశ్వేశ్వరయ్య. మీలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు. అదే నాకు ఎక్కువ మంట.

నరేశ్‌ది ఇంకా నడివయసు కూడా కాదు. విగ్రహానికి ముఖం తీర్చాలంటే విశ్వేశ్వరయ్య తర్వాత అతనే. ఇప్పుడు మంచం మీద నుంచి లేచి గడప దాకా రావాలంటే మధ్యలో గోడ పట్టుకుని నిలబడతాడు. నంద్యాల డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఇది తగ్గే జబ్బు కాదు, ఉన్న ఊపిరిని కాపాడుకోండి అన్నాడు. ఇల్లు గడవాలి కాబట్టి ఇప్పుడు అతని భార్య సింధూజ ఆ పనిశాలకు పోతోంది, విగ్రహాలకు పాలిష్ పట్టడానికి. నరేశ్ కూర్చున్న మూలలోనే కూర్చుంటోంది. నేను అక్కడ రాళ్ళు ఎత్తి దించే హమాలీని. ఈ గొడవంతా నెత్తికెత్తుకున్నది ఆమె కోసం. నరేశ్ ఊపిరి తిరిగి రాదు. ఆమెది ఇంకా పోలేదు.

ఆ పనిశాల రాకముందు శిల్పులు రోడ్డు పక్కన, ఎవరింటి ముందు వాళ్ళు, పందిళ్ళ కింద చెక్కేవారు. నాలుగు రాటలు, పైన తాటాకు. చూడ్డానికి అందులో ఏమీ లేదు. కానీ పడమటి గాలి మొదలైతే పొడినంతా ఎత్తుకుని నల్లమల వైపు పోయేది. కూరలో పొడి పడుతోందని ఎదురింటి ఆడవాళ్ళు తిట్టేవారు. తిట్లు పడుతూనే ఊపిరి పీల్చుకునేవాళ్ళం. రోడ్డు వెడల్పు చేశారు, పందిళ్ళు పోయాయి. ఊరి బయట అందరికీ కలిపి పనిశాల కట్టిస్తామన్నారు. ప్లాను గీయడానికి నంద్యాల నుంచి భరణి వచ్చింది. ఆర్కిటెక్టు.

ఆమె పని తెలిసిన మనిషే. ఇంకా తీయకుండా మిగిలిన ఒకటి రెండు పందిళ్ళ కింద కూర్చుని అగరొత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో చూసేది. అంత పెద్ద చదువు చదివి పొగ చూస్తాందే అని మావాళ్ళు వెక్కిరించేవారు. చివరికి ఒక పొడుగాటి షెడ్డు గీసింది. ఎత్తైన కప్పు, వానజల్లు కొట్టకుండా కప్పు అంచు కిందికి వంపు, పడమర వైపు గోడే లేదు.

మావాళ్ళకు తల కొట్టేసినట్లయింది. ఇంకెక్కడైనా పనివాళ్ళను ఏం కావాలని అడిగితే నీడ, నీళ్ళు, కక్కసు అంటారు. వీళ్ళు తాతల కాలం నుంచి గుళ్ళకు రాయి కొట్టినవాళ్ళు. వీళ్ళ దృష్టిలో కట్టడం అంటే గుడి ఒక్కటే, మిగతావన్నీ కొట్టాలు. విశ్వేశ్వరయ్య ఆ కాగితాన్ని ఆమె వైపు తోసేశాడు.

“గొడ్లకొట్టం గీసుకొచ్చినావే తల్లీ. దేవుళ్ళు పుట్టే చోటు ఇది. గుడి మాదిరి ఉండల్ల.”

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. శ్యాంసుందర్ సారు కళ్ళ ముందు అప్పుడే ప్రారంభోత్సవం ఫోటో ఆడింది. భరణి గాలి సంగతి ఎత్తబోతే ఫ్యాన్లు పెట్టిద్దాంలే అన్నాడు. ఆమె ఆ కాగితాన్ని చుట్టి సంచిలో పెట్టుకుని, ఇంకో ప్లాను గీసింది.

గుడే కట్టారు. ముందర స్తంభాల మండపం, దాని వెనక గర్భగుడిలాగా మూసేసిన హాలు. పడమటి గోడ నిండా విశ్వేశ్వరయ్య నరసింహస్వామికీ చెంచులక్ష్మికీ పెళ్ళి చెక్కాడు. కొండచరియకు తేనెపట్టు, విల్లు పక్కన పెట్టి తల వంచుకున్న పిల్ల, ఆమె చెయ్యి పట్టుకున్న సింహం ముఖంలో సిగ్గు. రాతిలో సిగ్గు తెప్పించినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. అహోబిలం పోయే బస్సులు ఆ గోడ దగ్గర ఆగుతాయి. జనం దిగి, ఫోటోలు తీసుకుని, ఆహా అనుకుని పోతారు. గోడకు అవతల గ్రైండర్లు తిరుగుతుంటే పక్కన కూర్చున్న మనిషి ముఖం కనబడదు. తూర్పు వైపు ఫ్యాన్లు పెట్టిన మాట నిజమే. లోపలికి గాలి వచ్చే దారి లేనప్పుడు అవి దేన్ని బయటికి తోస్తాయి?

నిన్న సింధూజను వెంటబెట్టుకుని నంద్యాల పోయాను. భరణి మీద అరవడానికే పోయాను, అరిచాను. కప్పు బరువంతా స్తంభాల మీదే ఉంది, పడమటి గోడ ఏమీ మోయడం లేదు, నడుము ఎత్తు నుంచి పైదాకా తీసేస్తే గాలి ఆడుతుంది, అప్పుడు ఫ్యాన్లూ పనిచేస్తాయి అంది. ఈ మాట ఆనాడే గట్టిగా ఎందుకు చెప్పలేదని అడిగాను.

“అంత పెద్దాయన గుడి కావాలంటుంటే కొట్టమే కావాలని ఎట్లా అనేదన్నా?” అంది. తల దించుకుని, “నా పేరు చెప్పుకోడానికి అందమైనది ఒకటి ఉంటే బాగుండని నాకూ ఆశ పుట్టింది” అంది.

ఆమే మమ్మల్ని శ్యాంసుందర్ సారు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన టీ తెప్పించాడు, మాస్కులు ఇప్పిస్తానన్నాడు. ఈ ఎండల్లో మాస్కు కట్టుకుని పొద్దుగూకేదాకా గ్రైండర్ పట్టడం ఎట్లాగో ఆయనకు తెలియదు. గోడను మాత్రం ముట్టుకోవద్దన్నాడు. జిల్లాకు ఎవరొచ్చినా చూపించేది దాన్నేనట. కట్టడం అంటే కళ, ఊరికి గుర్తింపు, నాలుగు గోడలూ కప్పూ కాదు అని మాకు పాఠం చెప్పాడు. ప్రభుత్వ ఆస్తి పగలగొడితే కేసు పెడతానన్నాడు. అప్పుడు సింధూజ లేచింది.

“గుడిలో ఉండేది దేవుడు సార్. ఆయప్ప దగ్గడు. మేం దగ్గుతాం.”

ఆయన బెల్లు కొట్టి తర్వాతి వాళ్ళను పిలిచాడు.

బస్సులో సింధూజ, విశ్వేశ్వరయ్య మామ ఒప్పుకుంటాడా అని అడిగింది. ఒప్పుకోడన్నాను. ఆయన తన ఇంటి వెనక రేకుల కింద చెక్కుకుంటాడు, ఆ హాలులో ఒక్క పూటా కూర్చోలేదు. ఆళ్లగడ్డలో దిగి ఆమె ఇంటికి పోలేదు, నేరుగా ఆయన పెరట్లోకి నడిచింది.

వచ్చిన పని నేనే చెప్పాను, నాకు మెత్తగా చెప్పడం రాదు. ఉలి ఆగింది. “గోడ కావల్లంటే నా చెయ్యి నరుక్కోని పోండప్పా” అన్నాడు ముసలాయన. ఆయన భార్య మహానందమ్మ మాకు మజ్జిగ అందిస్తూ, “నరికినాక అన్నం కలిపి పెట్టేది నేనే కదా, మాట్లాడ్తాండాడు సూడు” అంది. ఆయన ఆమె మీద కస్సుమన్నాడు. సింధూజ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

“రేపు ఒక్క పూట నా పక్కన కూచ్చో మామా. తర్వాత నువ్వేం చెప్పినా ఇంటా.”

ఈ పొద్దున ఆయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. గుడికి వచ్చినట్లు చెప్పులు బయటే విడిచాడు. సింధూజ మూలలో పీట వేసింది. మిషన్లు తిరిగాయి. నేను వాకిలి దగ్గర నిలబడి చూస్తున్నాను. కాసేపటికి ఆయన తలపాగా ఒక్కటే కనబడింది, తర్వాత అదీ లేదు. మొండిమనిషి, లేచి రాలేదు. టీ వేళకు మిషన్లు ఆపాక సింధూజ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. కనురెప్పల మీద పొడి. పడమటి గోడ ముందు చతికిలబడి దగ్గాడు. పాలిష్ పనివాడు జకరయ్య నీళ్ళు తెచ్చిచ్చాడు. పుక్కిలించి ఉమ్మితే బూడిద రంగు.

ఆయన చాలాసేపు తాను చెక్కిన పెళ్ళిని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత జేగురు తెమ్మన్నాడు.

మా పనిలో రాయిని కోయబోయే ముందు పెద్ద శిల్పి జేగురుతో ఎర్రగీత గీస్తాడు. గీయనంత వరకు ఎవరైనా వాదించవచ్చు. గీశాక మాట్లాడేది లేదు, గీత చెరిపేది లేదు. తప్పు గీత అయినా రాయి అక్కడే కోయాలి. ఆయన గోడరాళ్ళ అతుకుల వెంబడి గీసుకుంటూ పోయాడు. ఒకచోట అతుకు పెళ్ళికొడుకు చెయ్యికీ పెళ్ళికూతురి చెయ్యికీ మధ్య నుంచి పోతుంది. అక్కడ ఆయన వేలు ఆగింది. మళ్ళీ కదిలింది.

“లోపల కూచ్చునేది ఎవురని నేను అడగలా” అన్నాడు. జేగురు చెయ్యి పంచెకు తుడుచుకుని, చెప్పులు మరిచిపోయి, ఇంటికి పోయాడు.

సాయంత్రానికి కబురు నంద్యాలకు చేరింది. శ్యాంసుందర్ సారు గోడకు కాపలా పెట్టాడు, గీతలు కడిగించమన్నాడు. కాపలా వచ్చినవాడు గడివేముల మనిషి. బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు గానీ, చుట్టూ కూర్చున్న శిల్పులను చూసి నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకున్నాడు. గోడ ఎర్రగీతలతో అట్లాగే నిలబడి ఉంది. రేపు పని మొదలైతే సింధూజ మళ్ళీ ఆ మూలలోకి పోతుంది. పోకపోతే పొయ్యి వెలగదు.

కాబట్టి సారూ, కేసు నా మీద రాసుకోండి, పేరు కావాలంటే నేనే వచ్చి చెప్తాను. కానీ గోడ మాత్రం రేపు గ్రైండర్ తిరగకముందే తీయించండి. తాళ్ళూ మోకులూ మావి, హమాలీలం మేమే వస్తాం, ఒక్క బొమ్మ గోరు కూడా పెచ్చు లేవకుండా దించుతాం. దాన్ని ఏ ఆఫీసు ముందు నిలబెట్టుకుంటారో మీ ఇష్టం. భరణి మేడమ్, మీరు దగ్గరుండి తీయించండి. శిల్పులారా, గాలి లోపలికి వచ్చేదాకా మీలో ఒక్కడు స్విచ్ మీద చెయ్యి వేయొద్దు. అన్ని రోజులూ సింధూజ కూలి ఆగకుండా చూసే బాధ్యత ఆ గోడకు సంతకం పెట్టినవాళ్ళది. మాస్కులు పంపొద్దు. మనుషుల్ని పంపండి, గోడ తీయండి.